లక్ష్యము, లక్షణము: గిడుగు రామమూర్తిపంతులుగారి పండితవిమర్శనము

కుండ కావలసినవాఁడు కుమ్మరియింటికిఁ బోయి కుండ చేసి యిమ్మని యడుగును. మాట కావలసినవాఁ డెవ్వఁడును వైయాకరణుని యింటికిఁ బోయి మాటలు చేసి యిమ్మని యడుగఁడు. మహాభాష్యమున మొదటి యాహ్నికమునందే పతంజలిమహర్షి యీ యర్థమును బోధించియున్నాఁడు. వ్యాకరణము మొదలుపెట్టిన ప్రతిశిష్యుఁడును దీనిని వినును; విని సంతోషించును; పిమ్మటఁ దాను పండితుఁడై పాఠశాలలోఁ గూర్చుండినతోడనే దీనిని మఱచును. శబ్దములు ముందు, శాస్త్రము వెనుక యను నీ న్యాయమును సంస్కృతవిషయమున నంగీకరించు మనము తెలుఁగువిషయమున దానిని దలక్రిందు చేసితిమని యెలుఁగెత్తి చెప్పినవారు గిడుగు వేంకట రామమూర్తిపంతులుగారు.

వారి జన్మదినమగు ఆగస్టు 29వ తేది నేఁడు తెలుఁగుభాషాదినోత్సవముగ జరుపఁబడుచున్నది. ఆనాఁటి యుపన్యాసములలో వారి వాదము 'చేయుచున్నాఁడు' అని వ్రాయవలయునా 'చేస్తున్నాఁడు' అని వ్రాయవలయునా యను ప్రశ్నతోనే తఱచుగ ముగియుచుండును. ఆ ప్రశ్న వారి వాదమునకు ఫలమేకాని మూలము గాదు. పండితులు విద్య నార్జించురీతిని, సాక్ష్యమును విచారించురీతిని, శిష్యులకుఁ బాఠము చెప్పురీతిని వారు విమర్శించిరి. ఆ విమర్శనమునకు బీజము పండితసభలలోఁ గాక పర్లాకిమిడికెగువనున్న సవరకొండలలోఁ బడినదని నా తలంపు. దానిని విశదపఱచుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

పంతులుగారు 1863వ సంవత్సరమున శ్రీముఖలింగక్షేత్రమునకు సమీపమున నున్న పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. విజయనగరమునఁ జదువుకొని, 1880లోఁ బర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నుపాధ్యాయులుగఁ జేరిరి. విజయనగరమున గురజాడ అప్పారావుగారు వారికి సహాధ్యాయులు. పర్లాకిమిడి నేఁడు ఒడిశారాష్ట్రమున గజపతిజిల్లాకు ముఖ్యపట్టణము. ఆ యూరి వెలుపల నుండియే తూర్పుకనుమల శ్రేణులు లేచుచున్నవి. ఆ కొండలపైఁ బోడువ్యవసాయము చేసికొను సవరల మాట పట్టణమువారికిఁ దెలియదు. పట్టణమువారి లెక్కలును గాగితములును సవరలకుఁ దెలియవు. ఈ దూరమును జూచి పంతులుగారు సవరభాష నేర్వ సంకల్పించిరి.

ఆ భాషకు నప్పటికి లిపి లేదు, గ్రంథము లేదు. సంస్కృతము నేర్వఁగోరువాఁడు శాస్త్రులవారియొద్దకుఁ బోవును. సవర నేర్వఁగోరువాఁడు సవరయొద్దకే పోవలయును. వేఱొక ప్రమాణము లేదు. సవరభాష యెఱిఁగిన యొకనిఁ బంతులుగారు తమ యింటనే యుంచుకొని, యాతఁడు పలికినది పలికినట్లు వ్రాసికొని, మరల పలికి చూపి, తప్పైనచో దిద్దించుకొనిరి. బడిపంతులు శిష్యుఁడై, చదువురానివాఁడు గురువై కూర్చుండిన యా పీఠముననే వారి పండితవిమర్శనము మొదలైనది.

సవరభాష తెలుఁగునకుఁ గాని సంస్కృతమునకుఁ గాని చుట్టము గాదు. అది ముండాశాఖకుఁ జేరినది. ఆ శాఖ యాస్ట్రో ఏషియాటిక్ అను మహాకుటుంబములోనిది. దానిలో సంఖ్యలు పండ్రెండువఱకు వేఱువేఱు పేళ్లతో నడచి, పదుమూఁడు పండ్రెండునొకటిగను, పందొమ్మిది పండ్రెండునేడుగను జెప్పఁబడును. ఇరువదికి మరల వేఱొక మానము మొదలగును. కావున ముప్పదిమూఁడనఁగా నొక యిరువది, ఒక పండ్రెండు, ఒకటి. నామము తిఙంతములోనికిఁ జొచ్చి దానితో నేకపదమగుట మఱియొక వింత. అట్లు చొచ్చునపుడు నామము తన నిండురూపమును విడిచి కుఱుచరూపమును దాల్చును. సుబంతమునకు సుబంతముతో సమాసమును విధించు శాస్త్రమును జదివినవానికి నిది యాశ్చర్యకరము. మఱియు గొంతుకలో నాఁగి తెగిపోవు ధ్వని యొకటి కలదు. దానిని దెలుపుటకు మన వర్ణమాలలో నక్షరము లేదు.

ఇట్టిచోటఁ బండితుఁడు రెండింట నొకటి చేయవలయును. తన శాస్త్రమున లేదు గావున నీ ధ్వని లేదనవలయును; లేదా యున్నధ్వనికిఁ దగిన గుర్తు కల్పింపవలయును. పంతులుగారు రెండవమార్గమును ద్రొక్కిరి. సవరబాలుర కొఱకుఁ దెలుఁగులిపిలో వాచకములు కూర్చిరి. శాస్త్రజ్ఞుల కొఱకు ధ్వనిలిపి నుపయోగించిరి. వారు రచించిన సవరవ్యాకరణము 1931లోను, ఇంగ్లీషు-సవరనిఘంటువు 1933లోను, సవర-ఇంగ్లీషునిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వముద్రణాలయమున వెలువడినవి. సవరబాలురకు వారి మాటలోనే చదువు చెప్పు బడులను బెట్టించిరి. కొండలలోఁ దిరుగుచుండఁగా మలేరియా సోఁకి, దానికై పుచ్చుకొనిన క్వినైనుచే వినికిడి చెడిపోయెను. చెవితోనే యొక భాషనంతయు సాధించినవారు చెవిని గోలుపోవుట శోచనీయము.

ఈ కృషితోడనే శాసనపరిశోధనమును జేర్చి చూడవలయును. శ్రీముఖలింగదేవాలయమందలి శాసనములను వారు స్వయముగఁ జదువ నేర్చికొనిరి. శకవర్షము 979నాఁటి వజ్రహస్తుని నడగాము తామ్రశాసనమును బరిష్కరించి 'ఎపిగ్రాఫియా ఇండికా'లోఁ బ్రకటించిరి. శాసనమును జదువువాఁడు రాతిమీఁద నున్న యక్షరమును జదువవలయును. ఇది తప్పు, ఇట్లుండవలసినదని దిద్దినచో నది శాసనము గాదు, చదివినవాని కవిత్వమగును. సవరమాటను విన్న చెవియు శాసనమును జూచిన కన్నును, ఉన్నదానిని ఉన్నట్లు గ్రహించుటను వారికి నేర్పినవి. ఆ కన్నుతో, ఆ చెవితో వారు తెలుఁగుబడులలోనికిఁ దిరిగి చూచిరి.

1906 ప్రాంతమున యేట్సుదొరగారు ఉత్తరసర్కారు పాఠశాలల పరీక్షాధికారిగ వచ్చిరి. పుస్తకములలోని తెలుఁగునకును జనులు మాటాడు తెలుఁగునకును నింత యంతర మేల యని వారికి సందేహము కలిగెను. విశాఖపట్టణకళాశాలాధ్యక్షులగు పి. టి. శ్రీనివాసయ్యంగారును గురజాడవారును పంతులుగారును దీనిని విచారించుటతో వివాదము మొదలైనది. 1911లో ఆంధ్రసాహిత్యపరిషత్తు స్థాపితమయ్యెను. జయంతి రామయ్యపంతులుగారు 1913లో గ్రాంథికమును సమర్థించుచు నింగ్లీషున నొక గ్రంథమును బ్రకటించిరి. ఆ యేఁడే రామమూర్తిపంతులుగారును వర్తమానాంధ్రభాషను గూర్చి విజ్ఞాపనమును వ్రాసిరి. మద్రాసు విశ్వవిద్యాలయమువారికి గురజాడవారు సమర్పించిన యసమ్మతిపత్రము 1914వ సంవత్సరమునాఁటిది. 1924లో కాకినాడలోఁ బరిషత్తు వ్యావహారికముపై నుంచిన నిషేధమును దొలఁగించెను. ఈ చరిత్రము సుపరిచితమే. ఇఁక విమర్శనముయొక్క యవయవములను బరిశీలింతము.

మొదటిది, లక్షణమే లక్ష్యమును గల్పించుట. చిన్నయసూరి బాలవ్యాకరణము ప్రధానముగఁ గవిప్రయోగములను జూచి చేయఁబడినది. అది పద్యకావ్యముల భాషకుఁ జక్కని లక్షణము. అందు సందేహము లేదు. అయితే ఆ లక్షణమున కొదుగనిది గ్రామ్యమని నిర్ణయించి, గ్రామ్యము గావున దానిని విచారింపఁ బనిలేదని త్రోసివేసితిమి. దీనిని దర్కశాస్త్రమున నన్యోన్యాశ్రయదోషమందురు. వ్యాకరణము కొన్ని ప్రయోగములను జూచెను, చూడనివి తప్పులయ్యెను, తప్పులు గావున వానిని జూడనక్కఱలేదయ్యెను. పాణిని తన కాలపు వ్యవహారభాషకు వేఱుగ సూత్రములు చేసెను; ప్రాచ్యుల రూపములను, ఉదీచ్యుల రూపములను బేర్కొనెను. ఆయన ప్రాచ్యుల మాటను గ్రామ్యమని విడిచినచో మనకు నష్టాధ్యాయి సగమే దక్కెడిది.

రెండవది, తాము పాటింపని విధిని శిష్యులకు విధించుట. 'బాలకవిశరణ్యము' మొదలగు గ్రంథములలోఁ బంతులుగారు గ్రాంథికవాదుల వ్రాతలనే యెత్తి, వారు ప్రమాణముగఁ జెప్పుకొను వ్యాకరణమునకు విరుద్ధములైన రూపముల నందుఁ జూపించిరి. ఇది పరిహాసమునకై చేసినపని యని కొందఱనుకొనిరి. నా మతమున నిది పరీక్ష. ఏఁబదియేండ్లు చదివిన పండితునకే వశముగాని రచనను బదునాలుగేండ్ల బాలుఁడు పరీక్షలో నిర్దుష్టముగ వ్రాయవలయునని కోరుట న్యాయమా? అదియునుగాక యా పండితుఁడు పద్యమునకుఁ దాత్పర్యమును జెప్పునపుడు వాడుకమాటలతోనే చెప్పును. శిష్యుఁ డామాటలను గాగితముపైఁ బెట్టిన వెంటనే యెఱ్ఱసిరాతోఁ గొట్టివేయును.

మూఁడవది, సాక్ష్యమును దిద్దుట. తాళపత్రములలో వ్యాకరణమునకు సరిపడని రూపము కనఁబడినపుడు దానిని లేఖకదోషమని తీసివేసి, సూత్రమునకుఁ దగిన రూపము నచ్చువేయించు నలవాటు ప్రబలెను. తరువాతివాఁ డాయచ్చుపుస్తకమును జూచి, పూర్వులందఱును సూత్రానుసారముగనే వ్రాసిరని సిద్ధాంతము చేయును. సాక్షిని మనమే చదివించి పంపి, ఆ సాక్ష్యముచే వ్యవహారమును గెలుచుకొనుట వంటి దిది. శాసనములలోను, వ్యాఖ్యానములలోను, దక్షిణదేశపు వచనగ్రంథములలోను వ్యావహారికరూపములు నిలిచియుండుటను బంతులుగారు చూపిరి. 1933లోఁ బ్రకటితమైన వారి 'గద్యచింతామణి' వచనరచనాసంప్రదాయమును గూర్చిన యట్టి విచారమునకే యంకితము.

నాలుగవది, శిష్టుఁ డెవ్వఁడను ప్రశ్నను విడిచిపెట్టుట. పతంజలి శిష్టుని నిర్ణయించినపుడు, అష్టాధ్యాయిని జదువకయే దానియందు విధింపఁబడిన శబ్దములను సహజముగఁ బలుకువారు కలరనియు, వారిని గుర్తించుటకే శాస్త్రమనియు దెలిపెను. పంతులుగారు కోరిన శిష్టవ్యావహారిక మీ సంప్రదాయమునకు విరుద్ధము గాదు. చదువుకొనిన తెలుఁగువారు తమలోఁదాము మాటాడుకొను భాషయే శిష్టభాష యని వారనిరి. నవీనుఁడని నిందింపఁబడినవాఁడు పతంజలికి సమీపమున నిలిచెను. ప్రాచీనులమని చెప్పుకొనినవారము దూరమైతిమి.

ప్రతిపక్షమువారికి న్యాయము చేయనిదే విచారము పూర్తిగాదు. జయంతివారి భయము నిరాధారమైనది గాదు. జిల్లాకొక తీరున మాటాడు ప్రజలకు నొక్క పుస్తకము ఏ రూపమున వ్రాయవలయును? కవిత్రయమునకును నేఁటి బాలునకును నడుమ వంతెన తెగిపోదా? వేదము వేంకటరాయశాస్త్రిగారు వ్యావహారికమును బొత్తిగఁ ద్రోసివేసినవారు గారు. తమ ప్రతాపరుద్రీయనాటకమునఁ బాత్రోచితముగ దానిని ప్రయోగించిన రసజ్ఞులు. వచనగ్రంథమున కది తగదనుటయే వారి మతము. పంతులుగారి వాక్కులోఁ బరుషత్వము లేకపోలేదు. అయినను బ్రాచీనకావ్యములను జదువవలదని వారెన్నఁడు ననలేదు. చదువుటకొక భాష, వ్రాయుటకొక భాష యుండుట దోషము గాదనిరి. పత్రికలు, నవలలు, పాఠ్యపుస్తకములు వ్యావహారికమును గైకొనినపిమ్మటఁ గవిత్రయము నశింపలేదు. ఆ భయము తీఱినదనియే చెప్పవలయును.

ఇట్టి కలహము మనదేశముననే పుట్టినది గాదు. చీనాదేశమున రాజోద్యోగపరీక్షలు ప్రాచీనశైలిలో నియతాంగములుగల వ్యాసరచనపై నాధారపడి శతాబ్దములు నడచి 1905లో రద్దయినవి. పరీక్ష పోయినను ఆ పరీక్ష పెంచిన పాండిత్యము నిలిచెను. 1917 జనవరిలో హూ షి యను యువపండితుఁడు 'నవయువకుఁడు' అను పత్రికలో నెనిమిది సూత్రములతో నొక వ్యాసము ప్రకటించి, పూర్వుల ననుకరింపవలదనియు, జనులమాటను రచనలోఁ బరిహరింపవలదనియు వాదించెను. 1920లోఁ జీనా విద్యాశాఖవారు ప్రాథమికపాఠశాలల మొదటితరగతులలో వ్యావహారికమును బ్రవేశపెట్టిరి. ఈ హూ షియే చింగ్‌వంశకాలపు ప్రాచీనపండితులను సాక్ష్యము లేక యేమియు నొప్పుకొననివారని ప్రశంసించెను. పాండిత్యమును విమర్శించుట వేఱు, పాండిత్యమును ద్వేషించుట వేఱు. పంతులుగారివలెనే యాతఁడును మంచిపాండిత్యమును బట్టి చెడుపాండిత్యమును గొలిచెను.

ఇంతవఱకు నితరులను గూర్చి చెప్పితిని. ఇఁక నా తప్పును జెప్పవలసియున్నది. పెక్కేండ్లక్రిందట నరకులోయలో నొకబడియందుఁ గొంతకాలము తెలుఁగు బోధించితిని. ఒకనాఁడు సాధురేఫ శకటరేఫముల భేదమును జెప్పుచు, ఱకారమును లాక్షణికులు పట్టికలలో భద్రపఱచిరనియు, పూర్వకవులు యతిప్రాసలలో దానిని వేఱుగఁ బాటించిరనియు, లోకమున నెవ్వరి నాలుకపైనను నిప్పుడీ భేదము లేదనియుఁ బలికితిని. వెనుకబల్లపై నున్న కొండదొర బాలుఁడొకఁడు లేచి, "మా ఇంట్లో రెండూ వేరేగానే పలుకుతాం మాస్టారూ" అనెను. తరగతియంతయు నవ్వెను. నేనును నవ్వితిని. కొండమాటకును శకటరేఫమునకును నేమి సంబంధమని వానిఁ గూర్చుండఁబెట్టితిని.

కొన్నియేండ్లకు భద్రిరాజు కృష్ణమూర్తిగారు కొండభాషను గూర్చి రచించి 1969లోఁ బ్రకటించిన గ్రంథమును జదివితిని. కూబి యనియుఁ బిలువఁబడు నా భాష ద్రావిడకుటుంబమునఁ దెలుఁగు చేరిన శాఖలోనిదే. మూలద్రావిడమున దంతమూలమునఁ బలుకఁబడిన యే ధ్వని తెలుఁగున ఱకారమైనదో, ఆ ధ్వని కొండభాషలో సాధురేఫముతోఁ గలియక నేఁటికిని వేఱుగ నిలిచియున్నది. తెలుఁగుపండితులు నూఱులయేండ్లు పట్టికలలో వెదకిన భేదమునకుఁ జుట్టమైన భేద మరకుకొండలలోఁ దల్లులు బిడ్డలకుఁ బాలతోఁబాటు నేర్పుచున్నారు. శబ్దముల ప్రయోగక్షేత్రము మిక్కిలి విశాలమనియు, దానిని వెదకక యీ శబ్దము లేదని పలుకుట సాహసమనియుఁ బతంజలి హెచ్చరించెను. కంబోజదేశమున నొక ధాతువు వేఱర్థమున వాడఁబడుట నందుకుఁ దార్కాణముగఁ జూపెను. ఆ భాగమును నేను శిష్యులకుఁ బలుమాఱులు పాఠము చెప్పియుంటిని. చెప్పుచునే కంబోజుని నా తరగతిలోఁ గూర్చుండఁబెట్టితిని.

నేఁడు పరిస్థితులు కొంత మాఱినవి. 2004లో నవిభక్తాంధ్రప్రదేశమున సవర, కొండ, కువి, ఆదివాసి ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా యను నెనిమిది భాషలలోఁ బ్రాథమికవిద్య యారంభింపఁబడెను. వాచకములు తెలుఁగులిపిలోఁ గూర్పఁబడినవి. పర్లాకిమిడికొండలలో నూఱేండ్లకుఁ బూర్వము పంతులుగారు చేసినపని కిది యనువృత్తి. 1936లో మంగై గొమాంగో సవరభాషకుఁ బ్రత్యేకముగ సొరంగ్ సొంపెంగ్ అను లిపిని గల్పించెను. అయినను అరకుపరిసరముల గదబలు మాటాడు గుతోబు వంటి భాషలకు బడిలోఁ జోటు లేదు. ఆ గుతోబు సవరవలె ముండాశాఖలోనిదే. ఆ బాలురకు బడిలోఁ దెలుఁగుపండితుఁడే మొదటి భాషాశాస్త్రజ్ఞుఁడు. ఆతఁడు నవ్వినచో నొకమాట యాగిపోవును; వ్రాసికొనినచో నొకమాట నిలుచును.

కావునఁ బాఠశాలాపండితులకు నొక చిన్నసూచన. ఎఱ్ఱసిరాకలముతోఁబాటు నొకపుస్తకము నుంచుకొనుఁడు. బాలుని నోట మీ రెఱుఁగని రూపము వచ్చినపుడు దానిని దిద్దుటకు ముందు, పలికినది పలికినట్లు, ఏయూర, ఏకులమువా రేయర్థమున వాడుదురో వ్రాసికొనుఁడు. అది తప్పో యొప్పో పిమ్మట విచారింపవచ్చును. పరీక్షకుఁ దగిన రూపమును బాలునకు నేర్పుఁడు. అది మన వృత్తిధర్మము. ఆతని యింటిమాట తప్పని మాత్ర మనకుఁడు. అది మన శాస్త్రము చెప్పలేదు.

ఈ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచు వ్యావహారికవాదిని బ్రస్తుతించుట వింతగఁ దోఁపవచ్చును. ఇది నా గురువులు నాకు నేర్పిన చేతివ్రాత. యీ వయస్సున నాకు నిది మాఱదు. నేను మాన్పుకొనవలసినది శైలిని గాక, ఆ శైలిని బట్టి యితరుల నోరు మూయించు నలవాటును. అరకులో నా తరగతియందు లేచి నిలిచిన బాలుఁడు నేఁడెచ్చట నున్నాఁడో నే నెఱుఁగను. ఆతఁడు చెప్పినది సత్యము. నేను జెప్పినది తప్పు. ఆనాఁడు తరగతిలోఁ జెప్పవలసిన యీ మాటను బండితులయెదుట నిచ్చట వ్రాసి, దోషమును దిద్దుకొనుచున్నాను.